అయిదు పార్కుల ఆనందం

పెద్ద వరద వచ్చిపోయిన మరుసటి ఏడు, ప్రభుత్వం ప్రజల ఆనందాన్ని తన భుజానికెత్తుకుంది.

అంతకుముందు తిండి, గుడ్డ, గూడు అంటూ చిల్లర విషయాలు చూసుకుంటూ ఉండేది. వరదలో ఆ మూడూ కొట్టుకుపోయేసరికి దానికి కాస్త తీరిక దొరికింది. పార్కుల శాఖ మంత్రిగారు టౌన్ హాలులో మైకు ముందు నిలబడి, ఈ ఏడాదిని ఉద్యానవన ఆనంద సంవత్సరంగా ప్రకటించారు.

"ప్రజల ముఖాల్లో నవ్వు లేదు. ఎందుకు లేదని అధికారుల్ని నిలదీశాను. వరద వల్ల అన్నారు. వరద ఒక సాకు. అసలు కారణం, ప్రజలు పార్కులకు వెళ్లకపోవడం. మన ప్రాంతంలో ప్రభుత్వ పార్కులు ఆరున్నాయి. ఒక్కో పార్కులో ఒక్కో రకం ఆనందం ఉంది. ఆ ఆరు ఆనందాలూ ముందు నేను పడతాను. తర్వాత మీరు పడండి."

చప్పట్లు మోగాయి. మొదట మోగించింది చప్పట్లన్న. ఆయన పార్టీలో పాత మనిషి. ఉపన్యాసంలో ఎక్కడ ఆనందించాలో జనానికి ఒక పట్టాన తెలియదు గనక, ఆ బాధ్యత ఆయన తీసుకున్నాడు. ఇన్నేళ్ల సేవలో ఆయన అరచేతులు చెప్పుల అట్టల్లా తయారయ్యాయి.

"ఇంకో మాట. నేను వెళ్లి, నాకు ఆనందం కలిగిన పార్కు ఉంటుంది. కలగని పార్కు మూతపడుతుంది. ఆ స్థలంలో ప్రజల కోసం హెలికాప్టర్లు దిగే చోటు కడతాం" అన్నారు మంత్రిగారు.

మళ్లీ చప్పట్లు.

ఈ సంగతి మెట్ట పార్కు గేటు తాతకి ఆయన భార్య చెప్పింది. గేటు పక్క గదిలో రేడియో పెట్టుకుని కోళ్లకు నూకలు వేస్తూ విన్నది. తాత గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"విన్నావా? మంత్రికి సంతోషం కలగకపోతే పార్కు మూసేస్తారట" అన్నది.

తాత "ఊఁ" అన్నాడు. ఆయన రోజు మొత్తంలో మాట్లాడేది అంతంతమాత్రం. మిగతాది భార్య మాట్లాడుతుంది గనక లోటు తెలియదు.

"ఊఁ అంటే కాదు. పార్కు మూస్తే ఈ గదీ మూస్తారు. ఏటి ఒడ్డున ఉన్న ఇల్లు ఏరే తీసుకుపోయింది. ఇక మనం ఎక్కడికి పోతాం?"

ఆ ప్రశ్నకి తాత దగ్గర ఊఁ కూడా లేదు.

ఆరు పార్కుల్లోకీ మెట్ట పార్కు పేద పార్కు. గడ్డి, చెట్లు, సిమెంటు బెంచీలు. ఒక రాతిగుట్ట, దాని మీద నీళ్ల ట్యాంకు. పొద్దున్నే నాలుగు వీధుల వాళ్లు నడవడానికి వస్తారు. మధ్యాహ్నం సబ్బుల ఫ్యాక్టరీ ఆడవాళ్లు డబ్బాలు తెచ్చుకుని చెట్ల కింద తింటారు. సాయంత్రం ముసలివాళ్లు కూర్చుని తమ జబ్బుల్లో ఎవరిది గొప్పదో తేల్చుకుంటారు. చూడడానికి ఏమీ లేదు గనక ఎవరూ చూడడానికి రారు.

దానికున్న గొప్పతనం ఒక్కటే, ఎత్తు మీద ఉండడం. వరద రోజుల్లో ఊరంతా పైకెక్కి ఆ చెట్ల కిందే పడుకుంది. తాత గేటు బార్లా తెరిచి, నీళ్లు తగ్గేదాకా మళ్లీ వేయలేదు. అప్పుడు ఆ గేటుకి బోర్డు కూడా లేదు. అయినా జనం దారి తప్పలేదు.

బోర్డు ఎందుకు లేదంటే, పార్కుల శాఖలో ఒక పద్ధతి ఉంది. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే చాలు, ముందు బోర్డులకు రంగు వేయిస్తారు. వరదకు ముందు వారం పెద్ద ఇన్‌స్పెక్షన్ ఉందని ఆరు పార్కుల బోర్డులూ విప్పి, పెయింటరు మేడ మీదకు చేర్చారు. ఆ వారమే ఏరు పొంగింది. జలపాతం పార్కులో ఏరు దారి మార్చుకుంది, జలపాతం ఉన్నచోట ఒట్టి బండ మిగిలింది. పక్షుల పార్కులో పక్షులు ముందే లేచిపోయాయి, వాటికి సెలవు మంజూరు కానక్కరలేదు. గుహల నిండా ఒండ్రు చేరింది. పూల లోయలో నీళ్లు నిలిచాయి. పడవల పార్కులో చెరువుకి గండిపడి ఉన్న నీళ్లు పోయాయి. ఈ రెండు పార్కులూ పేర్లు మార్చుకుంటే సరిపోయేదని తాతకి అనిపించింది గానీ, ఆయన్ని ఎవరూ అడగలేదు.

అలా అయిదు పార్కులు పోయాయి. ఆరు బోర్డులూ దక్కాయి. శాఖ చేసిన సహాయక చర్యల్లో అది ముఖ్యమైనది.

మెట్ట పార్కు బోర్డు గేటుకెక్కింది. మిగతా అయిదూ తగిలించడానికి చోటు లేక తాత గది వెనక షెడ్డులోకి వచ్చాయి.

మంత్రిగారి ప్రకటన అయిన మర్నాడు డైరెక్టరుగారు జీపు దిగారు. ఆయన పార్కుల శాఖకు పెద్ద. ఎప్పుడూ ఇస్త్రీ నలగని మనిషి. ఆ రోజు నలిగి ఉన్నారు.

"ఏం పెద్దాయనా, బోర్డులు భద్రమేనా?"

"భద్రమే సార్."

"అయిదూనా?"

"అయిదూ."

డైరెక్టరుగారు స్టూలు మీద కూలబడ్డారు. "పార్కులన్నీ బాగు చేసేశామని పైకి ఎప్పుడో చెప్పేశాం. మంత్రిగారు చూస్తానంటున్నారు. చూస్తారని ఎవరనుకున్నారు?"

తాత షెడ్డు తలుపు తీసి బోర్డులు చూపించాడు.

"ఇప్పుడు బాగు చేద్దామంటే టైము లేదు. అందుకని ఒక ప్రోగ్రాం వేశాను. మంత్రిగారి కారుకి తెరలుంటాయి. కారెక్కితే ఆయన నిద్రపోతారు, అది ఆయన ఆరోగ్య రహస్యం. కారు ఊరి చుట్టూ రింగు రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి మళ్లీ ఇక్కడికే వస్తుంది. వచ్చేసరికి నువ్వు బోర్డు మార్చాలి. ఆరు చుట్లు, ఆరు బోర్డులు, ఆరు ఆనందాలు."

"జలపాతం?"

"ట్యాంకు ఉంది కదయ్యా. నిండి పొర్లితే గుట్ట మీంచి పడదా?"

గుమ్మంలో నిలబడి వింటున్న తాత భార్య ముసలమ్మ అడిగింది. "మరి మా పార్కు సంగతేంటి బాబూ? దీన్ని కూడా చూస్తాడా ఆయన?"

"చివర్లో అదే అమ్మా. ఆరోది. అసలుది. మీకు దిగులక్కర్లేదు."

డైరెక్టరుగారు వెళ్లాక ముసలమ్మ మొగుడి వైపు చూసింది. "ఒప్పుకున్నావా?"

"ఆరోది మనదేనన్నాడుగా" అన్నాడు తాత. ఆయనకి అది పెద్ద ఉపన్యాసం.

పర్యటన రోజున తాత గుండీలు పెట్టుకుని, టోపీ దులుపుకుని, నిచ్చెన వేసి మెట్ట పార్కు బోర్డు దించాడు. జలపాతం పార్కు బోర్డు ఎక్కించాడు. కొత్త రంగు ఎండకి మిలమిలలాడింది.

మూడు కార్లు వచ్చి ఆగాయి. మంత్రిగారు కళ్లు నులుముకుంటూ దిగారు. వెనక చప్పట్లన్న, ఆయన వెనక పేపర్లవాళ్లు. తాత సెల్యూట్ కొట్టాడు.

గుట్ట మీద ట్యాంకు పొర్లింది. నీళ్లు రాతి మీద నుంచి జారి మంత్రిగారి బూట్ల దాకా వచ్చాయి.

"అద్భుతం. ఎంత ఎత్తు నుంచి పడుతోందయ్యా?" అన్నారు మంత్రిగారు.

"నిన్న ఇంకా ఎత్తు నుంచి పడింది సార్" అన్నారు డైరెక్టరుగారు.

మంత్రిగారు నీళ్లు చేత్తో తీసుకుని ముఖాన చల్లుకున్నారు. కళ్లు మూసుకున్నారు. పేపర్లవాళ్లు పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు. ప్రభుత్వపరంగా ఆనందం పుట్టడం దగ్గరగా చూడడం తాతకి అదే మొదలు. పొలమారినప్పుడు కనబడే ముఖంలాగే ఉంది.

"కలిగింది" అన్నారు మంత్రిగారు.

చప్పట్లన్న మోగించాడు. అంతా మోగించారు. అంతలో ట్యాంకు ఖాళీ అయి జలపాతం ఆగిపోయింది.

"ఆగిందేం?"

"విరామం సార్. ఏకబిగిన పనిచేయించడం లేదు. సంక్షేమం" అన్నారు డైరెక్టరుగారు.

మంత్రిగారు మెచ్చుకుంటూ తల ఊపి కారెక్కారు. కారు రింగు రోడ్డెక్కింది. తాత నిచ్చెన వేశాడు.

రెండోది పక్షుల పార్కు. ఇందుకోసం ముసలమ్మ కోళ్లను అప్పిచ్చింది. వాటిని గడ్డిలో వదిలి, పుంజును బెంచీ మీద కూర్చోబెట్టారు. అది మంత్రిగారిని ఎగాదిగా చూసింది. ప్రతిపక్షం తర్వాత ఆయన్ని అలా చూసింది అదొక్కటే.

"ఇవి కోళ్లలాగా ఉన్నాయే" అన్నారు మంత్రిగారు.

"చాలామంది అలాగే పొరబడతారు సార్. వలస జాతి."

"ఎక్కడి నుంచి వలస వచ్చాయి?"

"మా గది వెనక నుంచి" అన్నాడు తాత.

"ఉత్తరం వైపు నుంచి సార్" అన్నారు డైరెక్టరుగారు వెంటనే. తాత గది వెనక వైపు ఉత్తరమే గనక అందులో అబద్ధమేమీ లేదు.

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. కలిగింది. చప్పట్లకి కోళ్లు బెదిరి చెట్టెక్కాయి. అంతవరకూ అనుమానించిన పేపర్లవాళ్లు కూడా అవి ఎగరడం చూసి రాసుకున్నారు.

కారెక్కబోతూ మంత్రిగారు గేటు దగ్గర ఆగారు. "నిన్ను ఎక్కడో చూశానయ్యా. ఇందాక జలపాతం దగ్గర ఉన్నది నువ్వే కదూ?"

తాత డైరెక్టరుగారి వైపు చూశాడు. డైరెక్టరుగారు తడుముకోలేదు. శాఖకు పెద్ద ఊరికే అయ్యారా.

"ఆయన వీళ్లన్నయ్య సార్."

"అచ్చు గుద్దినట్టున్నారే."

"అన్నదమ్ములు ఆరుగురు సార్. ఆరు పార్కులకీ ఆరుగురు. కుటుంబమంతా శాఖకే అంకితం."

మంత్రిగారు చలించిపోయారు. తాత భుజం మీద చెయ్యి వేశారు. "మీ అన్నయ్యని ఇప్పుడే చూసొచ్చాను. బాగున్నాడు. ఏమైనా చెప్పమంటావా?"

తాత తల అడ్డంగా ఊపాడు. "అక్కర్లేదు బాబూ. కనబడుతూనే ఉంటాడు."

కార్లు వెళ్లాక ముసలమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. "ఏమయ్యా, నువ్వు పెద్దోడివా, చిన్నోడివా?"

"రెండోవాణ్ణి" అన్నాడు తాత నిచ్చెనెక్కుతూ.

మూడోది గుహల పార్కు. గుట్ట అడుగున మోటారు గది ఉంది. తలుపు పీకేసి, గుమ్మానికి బురద పూశారు. మంత్రిగారు వంగి లోపలికి వెళ్లారు. వెళ్లినవారు కాసేపు రాలేదు. చీకట్లో ఏమీ కనిపించడం లేదని లోపలి నుంచి మాట వినబడింది.

"ప్రాచీనం సార్. అప్పట్లో కరెంటు లేదు" అన్నారు డైరెక్టరుగారు బయట నుంచి.

అదే సమయానికి ఎవరో ట్యాంకు నింపాలని బయట గోడకున్న మోటారు స్విచ్చి వేశారు. గుహ గర్జించింది. మంత్రిగారు వెళ్లినదానికంటే వేగంగా బయటికొచ్చారు. జుట్టు మీద సాలెగూడు, ముఖం తెల్లగా.

"కలిగింది" అన్నారు. తక్కిన చోట్లకంటే ఇక్కడ తొందరగా కలిగింది.

పేపర్లవాళ్లలో ఒకాయన చుట్టూ చూసి గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ వంగిన చెట్టు, దాని కింద పగిలిన బెంచీ, పక్షుల పార్కులోనూ అలాగే ఉన్నాయి. జలపాతం దగ్గరా ఉన్నట్టే గుర్తు."

"ఉంటాయి. ఒక పార్కుకి మంచి చెట్టూ ఇంకో పార్కుకి చెడ్డ చెట్టూ ఇచ్చే పద్ధతి పాత ప్రభుత్వంలో ఉండేది. మేం అన్ని పార్కులకీ ఒకే ప్రమాణం పాటిస్తున్నాం" అన్నారు డైరెక్టరుగారు.

"బెంచీ పగిలి ఉండడం కూడానా సార్?"

"సమానత్వం అంటే అదే."

ఆ మాట బాగుందని మంత్రిగారు సాయంత్రం తన మాటగా చెప్పడానికి దాచుకున్నారు. పేపర్లవాళ్లకి భోజనం పొట్లాలు అందాయి. తర్వాత వాళ్లు చెట్ల జోలికి పోలేదు.

పూల లోయ అనేసరికి అందరికీ కాస్త గుబులే. పూలు లేవు, లోయ లేదు. ఆ ఏర్పాటు సబ్బుల ఫ్యాక్టరీ ఆడవాళ్లు చూశారు. మధ్యాహ్నం డబ్బాలతో వచ్చినవాళ్లని డైరెక్టరుగారు గేటు దగ్గరే ఆపి, తలా ఒక రంగు గొడుగు ఇచ్చి, గుట్ట వెనక పల్లంలో కూర్చోబెట్టారు. మంత్రిగారిని కారు దిగనివ్వకుండా దూరం నుంచి తెర కొంచెం తొలగించి చూపించారు. గడ్డి మీద ఎర్రవి, పచ్చవి, ఊదావి, గుండ్రంగా విచ్చుకుని ఉన్నాయి.

"ఎంతెంత పూలయ్యా" అన్నారు మంత్రిగారు.

"వరద ఒండ్రు బలం సార్."

ఒక ఎర్ర పువ్వు తుమ్మింది.

"పువ్వు తుమ్మిందేం?"

"పుప్పొడి సార్. ఘాటు ఎక్కువ."

"దగ్గరికెళ్లి వాసన చూద్దామా?"

"వద్దు సార్. ముట్టుకుంటే ముడుచుకుపోతాయి" అన్నారు డైరెక్టరుగారు. నిజమే. ఫ్యాక్టరీ కూత వినబడగానే పూలన్నీ ముడుచుకుని, డబ్బాలు చంకన పెట్టుకుని లేచి వెళ్లిపోయాయి. అప్పటికి మంత్రిగారు కళ్లు మూసుకుని ఉన్నారు. కలిగింది.

వెళ్తూ వెళ్తూ ఒకావిడ తాతకి గొడుగు అప్పజెప్పింది. "మా అన్నం టైమంతా పూసేసరికి అయిపోయింది తాతా. రోజూ ఇలాగే పూయాలా?"

"ఈ ఒక్క రోజే" అన్నాడు తాత.

"అయితే సరే. రేపటికి మాత్రం చెట్టు కింద నీడ మాకే ఉంచు."

అప్పటికి ఆయన భుజాలు లాగుతున్నాయి. బోర్డంటే చిన్న రేకు ముక్క కాదు. పట్టుకుని నిచ్చెనెక్కడానికి ఇద్దరు కావాలి. అన్నదమ్ములు ఆరుగురున్నా, సాయానికి ఒక్కడు కూడా రాలేదు. ముసలమ్మే కింద నిచ్చెన పట్టుకుంది.

"ఇంకెన్ని?"

"పడవలు. తర్వాత మనది."

పడవల పార్కు కోసం ఎక్కడి నుంచో ఒక పడవ తెచ్చి గడ్డి మీద పెట్టారు. మంత్రిగారు ఎక్కి కూర్చుని, అటూ ఇటూ చూసి, కిందికి చూశారు.

"నీళ్లేవయ్యా?"

"తీసేశాం సార్. వరద తర్వాత జనానికి నీళ్లంటే భయం పట్టుకుంది. ప్రజల మనోభావాలు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "చేస్తే ఇలా చేయాలి." చప్పట్లన్న ఒక వైపు, డైరెక్టరుగారు ఇంకో వైపు పట్టుకుని పడవని మెల్లగా ఊపారు. కళ్లు మూసుకోమని ఎవరూ చెప్పలేదు, అవే పడ్డాయి. ఆనందం గురకగా బయటికొచ్చింది. లేపాక, కలిగిందని ఒప్పుకున్నారు.

గేటు దగ్గరికి వచ్చి తాత ముఖంలోకి చూశారు. "నువ్వు అయిదోవాడివా? మీ అన్నదమ్ములందరిలోకీ నువ్వే బాగా అలిసిపోయినట్టున్నావ్."

"అందరి పనీ నా మీద పడింది బాబూ" అన్నాడు తాత.

"ఇంతమందిని శాఖకిచ్చిన ఆ తల్లి ఎక్కడుందయ్యా? ఉందా?"

తాత తల్లి పోయి చాలా కాలమైంది. ఆ మాట చెప్పడానికి ఆయన నోరు విప్పేలోపల, చెట్టెక్కిన కోళ్లను దించుకుని చంకలో పెట్టుకుని వస్తున్న ముసలమ్మ డైరెక్టరుగారి కంటబడింది.

"ఈవిడే సార్."

మంత్రిగారు రెండు చేతులూ జోడించారు. "అమ్మా, ఆరుగురు కొడుకులు. పెంచడం కష్టమనిపించలేదా?"

ముసలమ్మ మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసింది. "ఒక్కడితోనే వేగలేక చస్తున్నా బాబూ."

"పెద్దవాడా?"

"అందరూ వీడే."

మంత్రిగారికి ఆ తల్లి మనసు అర్థమైంది. ఆరుగురూ ఆమె కళ్లకి ఒక్కడిలాగే కనబడుతున్నారు. "కొడుకుల పక్కన చెల్లెల్లా ఉన్నావమ్మా" అన్నారు.

"పార్కు గాలి సార్" అన్నారు డైరెక్టరుగారు.

మంత్రిగారు తనకిచ్చిన పూలగుత్తిని ఆమె చేతుల్లో పెట్టారు. చప్పట్లు మోగాయి. ముసలమ్మ తాత పక్కగా వెళ్తూ, "అన్నం తిన్నావా నాయనా" అని అడిగి లోపలికి పోయింది. తాత చెవులు ఎర్రబడ్డాయి.

ఎండ వాలింది. మంత్రిగారు కారులో కూర్చున్నారు. తాత షెడ్డులోకి వెళ్లి మెట్ట పార్కు బోర్డు తెచ్చాడు. కారు కదలగానే ఎక్కించాలని, అక్షరాలు కనబడకుండా లోపలికి తిప్పి, గుండెలకి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. రోజంతా మోసిన వాటిలో అదొక్కటే ఆయనకి బరువనిపించలేదు.

"ఇంకా ఎన్నయ్యా?" అన్నారు మంత్రిగారు ఆవులిస్తూ.

"ఒక్కటే సార్. మెట్ట పార్కు."

"అక్కడేముంది?"

డైరెక్టరుగారు కారు తలుపు పట్టుకుని, నిజాయితీగా చుట్టూ చూశారు. "గడ్డి సార్. చెట్లు. బెంచీలు."

"జలపాతం లేదా?"

"లేదు సార్."

"పక్షులు, గుహలు, ఇలాంటి పడవ?"

"అవన్నీ ఈ అయిదు పార్కుల్లోనే సార్."

"ఉత్త గడ్డి కోసం అంత దూరం ఎవరు పోతారు?" అన్నారు మంత్రిగారు.

డైరెక్టరుగారు నోరు తెరిచారు. మూశారు. ఎంత దూరమో చెప్పడానికి వీల్లేదు. తాత బోర్డుతో సహా ఒక అడుగు ముందుకు వేశాడు.

"దూరం కాదు బాబూ. దగ్గరే."

"ఎంత దగ్గర?"

తాత తన కాళ్ల కింద నేల వైపు చూశాడు. డైరెక్టరుగారి వైపు చూశాడు. డైరెక్టరుగారు ఆయన్ని కళ్లతోనే బతిమాలుతున్నారు.

"చాలా దగ్గర" అన్నాడు తాత.

"దగ్గరున్నవాటిదేముంది, ఎప్పుడైనా చూడొచ్చు" అని మంత్రిగారు తెర లాగేశారు. చప్పట్లన్న అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టి ముందు సీట్లో ఎక్కాడు.

కార్లు వెళ్లిపోయాయి. తాత బోర్డు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి ముసలమ్మ వచ్చి నిచ్చెన పట్టుకుంది. బోర్డు ఎక్కింది.

మర్నాడు పేపర్లన్నిటిలోనూ మంత్రిగారి ఆనందం అయిదు ఫోటోలుగా పడింది. జలపాతం దగ్గర ముఖం తుడుచుకుంటున్నది, పుంజుతో ముఖాముఖి నిలబడ్డది, పడవలో పడుకున్నది. సమానత్వం గురించి ఆయన చెప్పిన మాట పెద్దక్షరాల్లో వేశారు. అయిదు పార్కులూ వరద పోయాక ఇంకా బాగున్నాయని అంతా రాశారు. జనం అవి చూడాలని బస్సులెక్కి వెళ్లి, ఎక్కడున్నాయో తెలియక తిరిగొచ్చారు. పార్కుల తప్పు కాదు, దారి తెలియకపోవడం ప్రజల తప్పని చప్పట్లన్న ప్రకటన ఇచ్చాడు.

కొన్నాళ్లకి డైరెక్టరుగారి జీపు మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన నలగలేదు. కానీ స్టూలు మీద కూర్చోలేదు.

"పెద్దాయనా, ఆర్డర్లు వచ్చాయి. ఒకటి మంచిది, ఒకటి కాదు. ఏది ముందు చెప్పమంటావ్?"

"మీ ఇష్టం సార్."

"మీ అయిదుగురు అన్నదమ్ములకీ హెడ్ గేట్‌మన్‌గా ప్రమోషన్ వచ్చింది. అయిదు పార్కులూ రేపట్నుంచి జనానికి తెరుస్తున్నాం. ఎవరి పార్కులో వాళ్లు పొద్దున్నే డ్యూటీలో ఉండాలి."

తాత విన్నాడు.

"మెట్ట పార్కు మూసేస్తున్నాం. అక్కడ మంత్రిగారికి ఆనందం కలగలేదు."

"రాలేదు గదా సార్."

"రాకపోతే ఎలా కలుగుతుంది? అందుకే కలగలేదు" అన్నారు డైరెక్టరుగారు ఓపిగ్గా. "అదొక్కటే కాదు. ఆయన పర్యటన రోజున ఆరో తమ్ముడు డ్యూటీలో ఎక్కడా కనబడలేదు. మిగతా అయిదుగురూ సెల్యూట్ కొట్టారు. అందుకని అతన్ని తీసేశారు."

"ఆరోవాణ్ణి నేనే సార్."

"నాకు తెలుసు."

"మిగతా అయిదుగురూ నేనే."

"అదీ తెలుసు. వాళ్లకి ప్రమోషన్ వచ్చినందుకు సంతోషించు. ఇంట్లో అయిదుగురికి మంచి జరిగితే ఒకడికి చెడు జరగడం అన్ని ఇళ్లలోనూ ఉన్నదే."

గుమ్మంలో నుంచి ముసలమ్మ అన్నది. "ఆ అయిదుగురికీ గదులున్నాయా బాబూ?"

"ఉంటాయమ్మా. ఏ పార్కు గేట్‌మన్‌కి ఆ పార్కు గేటు పక్క గది ఉంటుంది. రూలు."

"మరి ఆ పార్కులు ఎక్కడున్నాయి?"

డైరెక్టరుగారు ఆమె వైపు చూసి, తాత వైపు చూసి, చివరికి గుట్ట మీద ట్యాంకు వైపు చూశారు. ఆయన గొంతు తగ్గింది. "ఎక్కడున్నాయో మంత్రిగారు కళ్లారా చూశారు. చూసినవాటిని లేవనడానికి నేనెవర్నమ్మా?"

ఆయన జీపెక్కారు. బండి కదులుతుండగా తల బయటపెట్టి అన్నారు. "పెద్దాయనా, రేపు పొద్దున్నే మెట్ట పార్కు బోర్డు దించెయ్యి. మర్చిపోకు. గవర్నమెంటు ఆర్డరు."

"దించుతా సార్" అన్నాడు తాత.

ఆ సాయంత్రం ముసలమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దింది. రేడియో దుప్పట్లో చుట్టింది. కోళ్లను ఏం చేయాలో తోచక గంప ముందు కూర్చుంది. తాత స్టూలు మీద కూర్చుని, చెట్ల కింద జబ్బుల ముసలివాళ్లు లేచి వెళ్లేదాకా చూశాడు. గేటు వేశాడు. సంచిలోంచి ఒక గిన్నె తీసి, అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు పొద్దున్నే గుండీలు పెట్టుకుని, టోపీ దులుపుకుని, నిచ్చెన వేశాడు. ముసలమ్మ వచ్చి కింద పట్టుకుంది. ఆర్డరు ప్రకారం మెట్ట పార్కు బోర్డు దించాడు. షెడ్డులోకి వెళ్లి జలపాతం పార్కు బోర్డు తెచ్చి ఎక్కించాడు.

ముసలమ్మ తలెత్తి చూసింది. "ఇవాళ పెద్దోడా?"

"ఊఁ" అన్నాడు తాత.

ఆమె లోపలికి వెళ్లి సంచి విప్పింది. నడవడానికి వచ్చినవాళ్లు నలుగురు గేటు బయట ఆగి, బోర్డు చదివి, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. తాత గేటు బార్లా తెరిచాడు. తర్వాత గుట్ట అడుగుకి నడిచి, మోటారు స్విచ్చి వేశాడు.